మన యిల్లు, మన వస్తువులు: పాత ల్యాప్‌టాప్‌లో కొత్త సిస్టము



గడచిన రెండు మాసములలో మా కందిన జాబులలో పెక్కింటియందు ఒకే ప్రశ్న కనబడుచున్నది. వానిలో ఒక సోదరి వ్రాసినదాని సారాంశ మిది. వారి యింట 2012వ సంవత్సరమున కొన్న ల్యాప్‌టాప్ ఒకటి కలదు. దాని మీట నొక్కిన పిమ్మట పొయ్యిమీద పాలు పెట్టి, కాఫీ కలిపి, త్రాగి వచ్చినను అది యింకను పనికి సిద్ధము కాదు. పైగా దానిలోని విండోస్‌నకు ఇకమీదట రక్షణ లేదని తెరమీద హెచ్చరిక యొకటి వచ్చుచున్నది. అంగడివారి నడుగగా, దానిని పాతసామానులవానికి వేసి కొత్తది కొనుడని చెప్పిరట. ఇంటిలో ఆడపిల్ల డిగ్రీ చదువుచున్నది. దాని చదువునకు యంత్రము లేక గడవదు. కొత్తది కొనుటకు ఈ యేడు చేతిలో సొమ్ము లేదు. పాతదానిలోనే కొత్త సిస్టము వేసికొనవచ్చునా, వేసిన నడచునా యని యామె యడుగుచున్నది.

వేసికొనవచ్చును. చాలవఱకు నడచును. ఈ రెండు మాటలతో జవాబు ముగింపవచ్చును గాని, ఈ పనిలో తొందరపడి మే మొకమాఱు పోగొట్టుకొన్నది నేటికిని తిరిగి రాలేదు. కావున సంగతిని మొదటినుండి చెప్పెదము.

హెచ్చరిక యేల వచ్చుచున్నది

కంప్యూటరు మేల్కొనగానే తెరకు, మీటలకు, డిస్కుకు, ప్రింటరుకు పనులు పురమాయించునది ఆపరేటింగ్ సిస్టము. మన యిండ్లలో ఎక్కువగా నున్నది మైక్రోసాఫ్ట్ వారి విండోస్. ఆ సంస్థవారు విండోస్ 7నకు 2020 జనవరి 14వ తేదీతోను, 2015 జూలై 29న వెలువడిన విండోస్ 10నకు 2025 అక్టోబరు 14వ తేదీతోను సామాన్యముగా నిచ్చు మరమ్మతులను నిలిపివేసిరి. నిలిపివేసిరనగా ఆనాటితో యంత్రము ఆగిపోవునని భయపడనక్కఱలేదు. సిస్టములో దొంగలు దూఱదగిన కంతలు ఎప్పటికప్పుడు బయటపడుచుండును. తయారుచేసినవారు వానిని నెలనెలా పూడ్చుచుందురు. ఆ పూడ్చుట నిలిచిపోయినది. ఉత్తరములు చదువుకొనుటకు మాత్రమే వాడు యంత్రమైన కొంత యుపేక్షింపవచ్చునేమో గాని, బ్యాంకు లెక్కలు చూచుకొనుచు, పిల్లల ఫీజులు కట్టుచు నున్న యంత్రమునకు ఇది చిన్న సంగతి కాదు.

అట్లైన విండోస్ 11 వేసికొనరాదా యందురేమో. అది 2021 అక్టోబరు 5న వెలువడినది. దానికి 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కు, టీపీఎమ్ 2.0 అను రక్షణ చిప్పు ఉండవలెనని నియమము. ప్రాసెసరు ఇంటెల్ వారిదైనచో సామాన్యముగా 8వ తరము మొదలు మాత్రమే యంగీకరింతురు. ఆ తరము 2017లో వచ్చినది. కావున 2012 నాటి యంత్రము ఈ పరీక్షలో నెగ్గదు. నెగ్గకున్నంతమాత్రమున యంత్రము చెడిపోయినదని యర్థము కాదు. ఆ యొక్క సిస్టముయొక్క నియమములకు అది తగదని మాత్రమే తెలిసికొనవలెను.

మేము చేసిన పొరపాటు

మా యింటను 2012లోనే కొన్న ల్యాప్‌టాప్ కలదు. విండోస్ 7తో వచ్చినది. ర్యామ్ 4 జీబీ, డిస్కు 500 జీబీ. విండోస్ 10ని పాత విండోస్ గలవారికి 2016 జూలై 29 వఱకు ఉచితముగా నిచ్చెదమని ప్రకటించిరి గదా. ఉచితమనగానే మేమును వేసికొంటిమి. వేసిన నాటినుండి యంత్రము నడక మందగించినది. మూడు నెలలు ఓర్చితిమి. పిమ్మట విసిగి, తెలిసిన కుఱ్ఱవానిని పిలిచి, అంతయు తుడిచి మరల వేయుమంటిమి. ఉంచుకొనవలసిన వేమైన గలవా యని యతడు అడిగెను. మేము వంటయింటినుండియే, డాక్యుమెంట్స్ అను ఫోల్డరులో నున్నవి చాలునని చెప్పితిమి.

ఆ ఫోల్డరులో మా అత్తగారు చెప్పగా మేము వ్రాసికొనిన ఆవకాయ, మాగాయ, గోంగూర, చింతకాయ పచ్చళ్ళ కొలతలు సోలలు తవ్వల లెక్కన నుండెను. అవి నిలిచినవి. కాని యావిడ పాడిన మంగళహారతులు, పెండ్లిపాటలు పదునేడు వేఱొక ఫోల్డరులో నుండెను. రెండు సంక్రాంతులు మైకు ముందు కూర్చుండబెట్టి పాడించి పట్టినవి. ఆ పూట అవి మాకు జ్ఞాపకము రాలేదు. అవి పోయిన సంగతి నాలుగు నెలలకు గాని తెలియలేదు. ఆ లోపల అదే డిస్కుమీద కొత్త ఫైళ్ళు వ్రాయుచునే యుంటిమి. తుడిచిన డిస్కులో పాత వ్రాత వెంటనే చెడదు. దానిపైని కొత్త వ్రాత పడినకొలది చెడును. వెంటనే తెలిసి యంత్రమును ఆపి, తెలిసినవారి కిచ్చియున్నచో కొన్ని యైనను దొరకెడివేమో. 2018లో ఆవిడ స్వర్గస్థురాలైరి. మూడు పాటలు మాత్రము మా ఆడుబిడ్డ ఫోనులో దొరకినవి. తక్కిన పదునాలుగు లేవు.

కుఱ్ఱవానియందు తప్పు లేదు. అతడు అడిగెను; మేము వచ్చి చూడలేదు. ఈ శీర్షికలో ఇన్నాళ్ళు ఎవరి పొరపాట్లనో చెప్పుచు వచ్చితిమి. ఈ నెల మాది చెప్పుచున్నాము. ఇక పనిలోనికి వత్తము.

యంత్రము మందగించుట యెందువలన

ప్రాసెసరు వంటచేయు చేతులవంటిది. ర్యామ్ చేతి క్రింది వంటగట్టు వంటిది. డిస్కు సామానుగది. ముగ్గురికి వంటచేయు గట్టుమీద ముప్పది మందికి వండబూనినచో, ఉప్పునకు ఒకమాఱు, పప్పునకు ఒకమాఱు సామానుగదికి పరుగెత్తవలసి వచ్చును. చేతులెంత చుఱుకైనవైనను వంట సాగదు. కొత్త సిస్టములు, కొత్త బ్రౌజర్లు పెద్ద గట్టును కోరును. 4 జీబీ ర్యామ్ నిండగానే యంత్రము మిగిలినదానిని డిస్కుమీదికి మోయును, మరల తెచ్చును. పాత ల్యాప్‌టాపులలోని డిస్కు గుండ్రముగా తిరుగు పళ్ళెము. నిమిషమునకు 5400 చుట్లు, అనగా క్షణమునకు 90 చుట్లు తిరుగును. వినుటకు వేగమే గాని, వేయి చిన్న ఫైళ్ళకు వేయిమాఱులు దాని ముల్లు ఇటునటు జరుగవలెను. మన యోపిక పోవునది అక్కడనే.

దీనిని మీరే కన్నులార చూడవచ్చును. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అను మూడు మీటలను కలిపి నొక్కుడు. టాస్క్ మేనేజర్ అను పట్టిక తెఱచుకొనును. అందు పెర్ఫార్మెన్స్ అనుచోట ప్రాసెసరు, మెమొరీ, డిస్కు ఎంతెంత పనిలో నున్నవో శాతములలో చూపును. ప్రాసెసరు 20 శాతము దగ్గఱ నుండగా డిస్కు మాత్రము 100 శాతమున నిలిచియున్నచో, జబ్బు చేతులలో లేదు, సామానుగదిలో నున్నది. ర్యామ్ ఎంత యున్నదో, ప్రాసెసరు పేరేమో, డిస్కు తిరుగునదో కాదో అచ్చటనే తెలియును. వీనిని ఒక కాగితముమీద వ్రాసికొనుడు. అంగడికి పోవునప్పుడు ఆ కాగితము చేత నుండవలెను. మన యంత్రముయొక్క వివరము మనకు తెలిసినదని తోచినచో ఎదుటివారి మాటతీరు కొంత మాఱును.

అన్నిటికంటె ముందు చేయవలసినది

సిస్టమును ముట్టకముందు యంత్రములోని వ్రాతలకు, బొమ్మలకు, పాటలకు రెండు ప్రతులు తీయుడు. ఒకటి బయటి హార్డ్ డిస్కులోనో, పెద్ద పెన్‌డ్రైవులోనో ఉండవలెను. రెండవది ఇంటి వెలుపల, అనగా పుట్టినింటనో, ఆడుబిడ్డ యింటనో, లేక ఇంటర్నెటులోని నిలువచోటనో ఉండవలెను. డాక్యుమెంట్స్ ఒకటే చాలదు. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్, మ్యూజిక్, వీడియోస్ చూడుడు. డీ, ఈ అను వేఱు భాగములున్నచో వానిని చూడుడు. బ్రౌజరులో దాచియున్న పాస్‌వర్డులను వేఱుగా వ్రాసికొనుడు. ఇంటిలో ఆ యంత్రమును ముట్టినవారి నందఱిని కూర్చుండబెట్టి, నీవి యేవి, ఎక్కడ పెట్టితివని యడుగుడు. పిల్లలు చిత్రమైన చోట్ల పెట్టుదురు. మగవారు పెట్టినచోటు మఱతురు.

ప్రతి తీసినంతనే పని కాలేదు. వేఱొక యంత్రములో ఆ పెన్‌డ్రైవు పెట్టి, పది ఫైళ్ళను తెఱచి, పాట యైనచో విని, బొమ్మ యైనచో చూచి, అప్పుడు తృప్తిపడుడు. దీనికి ఒక మధ్యాహ్నము పట్టును. ఆ మధ్యాహ్నమును దాచుకొనబోయి మేము ఏమి కోల్పోయితిమో పైన చదివితిరి.

తక్కువ ఖర్చుతో యంత్రమును బలపఱచుట

తిరుగు డిస్కును తీసి ఎస్ఎస్‌డీ యను డిస్కును వేయించుట మొదటి మందు. దీనిలో తిరుగునది, జరుగునది ఏదియు లేదు. కనుక వ్రాత ఎక్కడనున్నను తత్క్షణమే యందును. 2012 నాటి ల్యాప్‌టాపులలో పెక్కింటికి రెండున్నర అంగుళముల సాటా ఎస్ఎస్‌డీ పాతదాని చోటనే సరిపోవును. ఇంటి పనికి 256 జీబీ చాలును. మా యంత్రమున ఈ యొక్క మార్పుతోనే మీట నొక్కిన నాలుగు నిమిషములకు వచ్చు తెర అఱనిమిషమునకు వచ్చుచున్నది.

దీనివలన ఇంకొక మేలు కలదు. పాత డిస్కును తుడువనక్కఱలేదు. దానిని యూఎస్‌బీ కేసులో పెట్టించి, తేదీ వ్రాసి, బీరువాలో నుంచుకొనుడు. ఏదైన మఱచినచో అందులో నుండును. 2016లో మే మీ తెలివి చూపియున్నచో పదునేడు పాటలును ఉండెడివి.

రెండవ మందు ర్యామ్ పెంచుట. 4 జీబీని 8 జీబీ చేయించిన చాల మార్పు కనబడును. కాని ర్యామ్‌లో జాతులు కలవు. డీడీఆర్ 3 గల యంత్రమున డీడీఆర్ 4 దూఱదు. కొన్ని పలుచని ల్యాప్‌టాపులలో ర్యామ్ బోర్డునకే అతికియుండును. దానిని పెంచ వీలులేదు. కావున కొనకముందే విప్పించి చూపించుకొనుడు. రెండు మూడు అంగళ్ళలో వెల అడుగుడు. విప్పినప్పుడు లోని ఫ్యాను దుమ్మును తుడిపించుడు. బ్యాటరీ ఉబ్బియున్నచో మాత్రము ఇక దానిని చార్జి చేయకుడు. అది నిప్పు రగుల్కొను ప్రమాదము కలది. వెంటనే తీయింపవలెను.

మూడు మార్గములు

మొదటిది, విండోస్ 10తోనే కొంతకాలము గడుపుట. 2025లో మైక్రోసాఫ్ట్ వారు ప్రకటించిన ఏర్పాటు ప్రకారము, ఇంటివాడుకవారు పేరు నమోదు చేసికొన్నచో 2026 అక్టోబరు 13వ తేదీ వఱకు రక్షణ మరమ్మతులు అందును. వారి అకౌంటుతో లోనికి ప్రవేశించి యంత్రపు సెట్టింగులను అందు దాచుటకు సమ్మతించినవారికి ఇది ఉచితము. కాదన్నవారు 30 డాలర్లు చెల్లింపవచ్చును. ఇది గడువు పెంచుకొనుట మాత్రమే. పిల్ల పరీక్షలు దగ్గఱపడి, యంత్రమును కదపరాని సమయమున నున్నవారికి పనికివచ్చును.

రెండవది, నియమములను దాటించి విండోస్ 11ను వేయుట. రూఫస్ అను చిన్న సాధనముతో ఆ పరీక్షలను తప్పించి వేయువారు కలరు. వేసిన పెక్కు యంత్రములలో నడచును. కాని యట్టి యంత్రములకు మరమ్మతులు అందు హక్కు లేదని మైక్రోసాఫ్ట్ వారే చెప్పియున్నారు. 2024లో వచ్చిన కూర్పునుండి, మఱీ పాత ప్రాసెసరులు కొన్నింటిలో అది యసలే మేల్కొనదు. 4 జీబీ ర్యామ్, తిరుగు డిస్కు గల యంత్రమున దీనిని వేయుట మేము 2016లో చేసిన పనినే మరల చేయుట యగును. 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉండి, విండోస్ లేక గడవనివారు మాత్రము, ప్రతులు భద్రపఱచుకొని ప్రయత్నింపవచ్చును.

మూడవది లినక్స్. మే మనుసరించినది ఇదియే. 1991లో ఫిన్‌లాండులోని హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ దీనికి బీజము వేసెను. నేడు మన చేతులలోని ఆండ్రాయిడ్ ఫోనులలో లోపల నున్నదియు లినక్సే. దీనిని వెల లేకయే తెచ్చుకొనవచ్చును, ఇతరులకు ఈయవచ్చును. దీనిలో పెక్కు రకములు కలవు. పాత యంత్రములకు లినక్స్ మింట్ అనుదానిలో ఎక్స్‌ఎఫ్‌సీఈ కూర్పు, లేక లుబుంటు తగినవి. మింట్ వారు 2 జీబీ ర్యామ్ తప్పనిసరి యనియు, 4 జీబీ ఉన్న సుఖమనియు, డిస్కు 20 జీబీ యైనను కావలెననియు చెప్పుచున్నారు. మింట్ 22వ కూర్పునకు 2029 వఱకు మరమ్మతులు అందును. అడుగున పట్టీ, మూలను మెను, అంతయు విండోస్ వాడినవారికి అలవాటైన రీతిగానే యుండును. లిబ్రె‌ఆఫీస్ అను వ్రాతపని సామగ్రి దానితోనే వచ్చును. తెలుగు అక్షరములు చక్కగా కనబడును. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో తెలుగు వ్రాసికొనవచ్చును. ఈ పక్షమున మన ప్రాంతమునను కృషి జరిగినది: హైదరాబాదునందలి స్వేచ్ఛ యను సంస్థవారు తెలుగులో పనిచేయు లినక్స్ కూర్పును చేసిరి.

ఇంటర్నెటు తప్ప మఱేమియు వాడనివారికి గూగుల్ వారు 2022లో వెలువరించిన క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ అనునదియు కలదు. దానికి 4 జీబీ ర్యామ్, 16 జీబీ డిస్కు కావలెను.

వేయకముందు రుచి చూచుట

లినక్స్‌లో ఒక గొప్ప సౌకర్యము కలదు. డిస్కును ముట్టకయే, పెన్‌డ్రైవు నుండి నడపి చూడవచ్చును. మింట్ వారి సొంత సైటునుండి ఫైలు దింపుకొని, రూఫస్ వంటి సాధనముతో 8 జీబీ పెన్‌డ్రైవు మీదికి వ్రాయవలెను. ఈ వ్రాతతో పెన్‌డ్రైవులో నున్నవన్నియు చెఱగును; కావున ఖాళీదానినే వాడుడు. దానిని ల్యాప్‌టాప్‌నకు తగిలించి, మీట నొక్కిన వెంటనే ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్ వంటి మీటను నొక్కినచో దేనినుండి మేల్కొనవలెనని యంత్రము అడుగును. ఏ మీట యనునది తయారీదారునిబట్టి యుండును. పెన్‌డ్రైవును చూపుడు.

తెర వచ్చిన పిమ్మట తొందరపడక ఒక గంట పరీక్షింపుడు. వైఫై దొరకుచున్నదా, ధ్వని వినబడుచున్నదా, కెమెరాలో ముఖము కనబడుచున్నదా, మూత వేసి తీసిన మేల్కొనుచున్నదా, ప్రింటరు పలుకుచున్నదా చూడుడు. కొన్ని పాత యంత్రములలో వైఫై మొదట దొరకదు. అప్పుడు ఫోనును యూఎస్‌బీ తీగతో తగిలించి ఇంటర్నెటు నిచ్చి, డ్రైవర్ మేనేజర్ ద్వారా కావలసినది తెచ్చుకొనవచ్చును. పెన్‌డ్రైవునుండి నడచునప్పుడు కొంత నెమ్మదిగా నుండుట సహజము. నచ్చకున్న ఆపి, పెన్‌డ్రైవు తీసిన, యంత్రము మునుపటివలెనే యుండును.

నచ్చినచో తెరమీది ఇన్‌స్టాల్ గుర్తును నొక్కవలెను. అందు ఒకచోట డిస్కంతయు చెఱపి వేయుదునా, విండోస్ ప్రక్కన వేయుదునా యని ప్రశ్న వచ్చును. ఆ ప్రశ్నకు జవాబు చెప్పునప్పుడు వంటయింటినుండి కేక వేయకుడు. వచ్చి యంత్రము ముందు కూర్చుండుడు.

ఏవి నడువవు

మంచిని చెప్పి లోపమును దాచుట మర్యాద కాదు. లినక్స్‌లో ట్యాలీ విండోస్‌లోవలె నేరుగా నడువదు. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ యొక్క డిస్కులో వేయు కూర్పు నడువదు. దాని ఫైళ్ళను లిబ్రె‌ఆఫీస్ తెఱచును గాని, అమరిక అక్కడక్కడ చెదరును. అచ్చుపనిచేయు ఇండ్లవారు గమనింపవలసినది మఱొకటి కలదు. అను ఫాంట్లతో పేజ్‌మేకరులో కూర్చిన పాత తెలుగు ఫైళ్ళు యూనికోడ్ కావు. అవి విండోస్‌నే నమ్ముకొనియున్నవి. అట్టివారు ఆ పనికి ఒక పాత విండోస్ యంత్రమును ఇంటర్నెటు లేకుండ వేఱుగా నుంచుకొనుట మేలు. ఇంటినుండి వ్రాయు పరీక్షలలో కాపలాకు పెట్టు సాఫ్ట్‌వేరు కొన్ని విండోస్‌నే కోరును. కావున ఆడపిల్ల కళాశాలలో ఏయే సాఫ్ట్‌వేరు వాడుదురో ముందే కనుగొనవలెను.

ఇంకొక మాట. సిస్టము తేలికదైనను బ్రౌజరు తేలికది కాదు. 4 జీబీ యంత్రమున ఇరువది ట్యాబులు తెఱచి, పాఠము వినుచు, పాటలు పెట్టినచో ఏ సిస్టమైనను మూలుగును. నాలుగైదు ట్యాబులతో సరిపెట్టుకొనుట పిల్లలకు నేర్పవలెను.

ఎప్పుడు విడువవలెను

ప్రతి పాత యంత్రమును నిలబెట్టవలెనని మా పట్టుదల కాదు. 32 బిట్ ప్రాసెసరు గల మఱీ పాతవానికి దారులు మూసికొనిపోవుచున్నవి. విండోస్ 11నకు అట్టి కూర్పే లేదు. పేరుగన్న డెబియన్ లినక్స్ వారును 2025 ఆగస్టులో వచ్చిన 13వ కూర్పుతో వానిమీద కొత్తగా వేయు వీలును తీసివేసిరి. 2 జీబీ ర్యామ్ ఉండి పెంచ వీలులేనిది, తెర విఱిగినది, బోర్డు కాలినది విడువదగినవి. మరమ్మతు ఖర్చు మంచి సెకండుహ్యాండు యంత్రపు వెలను సమీపించునప్పుడు ఆగుట వివేకము. విడుచునప్పుడు డిస్కును తీసి యుంచుకొనుడు, లేక పూర్తిగా చెఱిపించి ఇండు. చెత్తబుట్టలో వేయకుడు, కాల్పకుడు. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన ఈ-వ్యర్థముల నియమముల ప్రకారము, నమోదైన రీసైక్లింగువారికే యిట్టివి చేరవలెను.

సోదరికి మా జవాబు

జాబు వ్రాసిన సోదరికి మేము చెప్పునది యిది. ఈ వారము కొత్తది కొనకుడు, పాతది అమ్మకుడు. మొదటి దినమున ప్రతులు తీయుడు. రెండవ దినమున యంత్రపు వివరములు కాగితముమీదికి ఎక్కించి, అమ్మాయి కళాశాలలో వాడు సాఫ్ట్‌వేరు కనుగొనుడు. మూడవ దినమున పెన్‌డ్రైవునుండి మింట్‌ను నడపి చూడుడు. నడచినచో ఎస్ఎస్‌డీ వేయించి, దానిమీద మింట్ వేసి, పాత డిస్కును బీరువాలో నుంచుడు. ఎస్ఎస్‌డీకి పెట్టిన సొమ్ము కొత్త యంత్రపు వెలలో స్వల్పభాగమే యగును. అమ్మాయి డిగ్రీ ముగియువఱకు గడచును. ఈ పని అమ్మాయిచేతనే చేయింపుడు. మీరు ప్రక్కన కూర్చుండుడు. మఱుమాఱు అంగడివారు మాటలు చెప్పునప్పుడు మీ రిద్దఱును వినుటకు తగినవా కాదా యని తెలిసికొనగలరు.

మా యంత్రమునకు 2023లో ఎస్ఎస్‌డీ వేయించి, ర్యామ్‌ను 8 జీబీ చేయించి, మింట్ వేసితిమి. ఈ నెల శీర్షికను దానిమీదనే వ్రాయుచున్నాము. మా అత్తగారి మూడు పాటలును అందున్నవి. ఒక ప్రతి బీరువాలోని డిస్కులో, ఒకటి మా ఆడుబిడ్డ యింట, ఒకటి ఇంటర్నెటులోని నిలువచోట కలదు. తక్కిన పదునాలుగింటిలో ఏ పాట యే సంక్రాంతికి పాడిరో జ్ఞాపకమున్నంతవఱకు పేర్లు వ్రాసి, ఆ మూడింటి ప్రక్కనే ఉంచితిమి.

వచ్చు నెల ఈ శీర్షికలో, ఫోనులోని బొమ్మలను ఏటేట ఏర్చి భద్రపఱచుకొను పద్ధతిని గూర్చి వ్రాసెదము. ఈలోపల మీ యింటి పాత యంత్రములో నున్న పాటలకు, బొమ్మలకు ప్రతులు తీసితిరేని, తీసితిమని యొక్క కార్డు వ్రాయుడు, మాకు సంతోషము.